పుర్రె అతుకులు అందరికీ ఒకేలా ఉండవు

పసిబిడ్డ మాడుకు నూనె పెట్టే ప్రతి తల్లికీ తెలుసు, అక్కడ ఎముకలు ఇంకా కలవలేదని. పుర్రె కొన్ని పలకల కూర్పు. వాటి మధ్య అతుకులు మనిషి మనిషికీ మారతాయి. న్యూరోసర్జన్ల శిక్షణలో ఈ తేడాలకు ఇంకా పెద్ద పీట వేయాలి.

నుదుటి మధ్య నిలువు అతుకునే తీసుకోండి. మామూలుగా రెండేళ్లలోపే అది పూడిపోతుంది. కొందరిలో జీవితాంతం ఉండిపోతుంది. బైకు మీంచి పడి వచ్చినవాడి ఎక్స్‌రేలో ఆ గీత కనబడితే, కొత్త డాక్టరు ఎముక చిట్లిందని పొరబడొచ్చు. చిట్లిన గీత సాధారణంగా పదునుగా, తిన్నగా ఉంటుంది. అతుకు చాలావరకు వంకరటింకరగా సాగుతుంది. అతుకుల్లో ఏర్పడే చిన్న అదనపు ఎముకలతోనూ ఇదే చిక్కు. 17వ శతాబ్దపు డేనిష్ వైద్యుడు ఓలె వార్మ్ పేరిట వాటిని వార్మియన్ ఎముకలంటారు.

అసలు ప్రమాదం చెవి వెనుక ఉంది.

అక్కడ మూడు అతుకులు కలిసే చోటు ఆస్టీరియన్. మెదడు వెనుక భాగానికి ఆపరేషన్ చేసేటప్పుడు పుర్రెకు రంధ్రం ఎక్కడ వేయాలో దాన్నిబట్టి అంచనా కట్టడం పాత పద్ధతి. కానీ లోపలి పెద్ద సిర అందరిలో సరిగ్గా దాని కిందే ఉండదు. కొందరిలో పైకి, కొందరిలో కిందికి జరిగి ఉంటుంది. డ్రిల్ ఆ సిరను చీల్చిందంటే రక్తాన్ని ఆపడం గగనమవుతుంది.

ఆపరేషన్ చేస్తున్నప్పుడు పుర్రె లోపల ఏది ఎక్కడుందో చూపే నావిగేషన్ యంత్రాలు అన్ని ఆసుపత్రుల్లో లేవు. అందుకే మన వైద్య కళాశాలల అనాటమీ విభాగాల్లోని పుర్రెలను న్యూరోసర్జరీ విద్యార్థుల చేత మళ్లీ మళ్లీ పరిశీలింపజేయాలి. వీలున్నచోటల్లా కోతకు ముందే త్రీడీ సీటీలో రోగి అతుకులను చూసుకోవడం తప్పనిసరి చేయాలి.