పిన్ను పడాల్సిన చోటు

రావులపాలెం కోనసీమకు ముఖద్వారం. జాతీయ రహదారి గౌతమి దాటేదీ, అమలాపురం రోడ్డు చీలేదీ ఇక్కడే. అరటి మార్కెట్టుకు గెలలు మోసుకొచ్చే బళ్లు ఒకపక్క, విశాఖ నుంచి విజయవాడకు దూసుకుపోయే లారీలు ఇంకోపక్క. వీటి మధ్య బైకు మీద వెళ్లేవాడికి అడ్డుగా ఉన్నది తన కాళ్లే. గుద్దుకుందంటే మోకాలి కింద ఎముక విరిగి, చర్మం చీల్చుకుని బయటికి వస్తుంది. అలాంటి కాలు నిలబడుతుందా, కుంటి నడక మిగులుస్తుందా అన్నది చాలాసార్లు మొదటి రోజు వేసే నాలుగు పిన్నుల మీద ఆధారపడుతుంది. అవి ఎంత గట్టివన్నదానికంటే ఎక్కడ పడ్డాయన్నదే ముఖ్యం.

మన దగ్గర ‘కాలికి బయట రాడ్లు వేశారు’ అంటారు. డాక్టర్ల మాటలో ఎక్స్‌టర్నల్ ఫిక్సేటర్. విరిగిన చోటుకు పైన రెండు, కింద రెండు పిన్నులు ఎముకలోకి దించి, చర్మం బయట రాడ్డుతో, క్లాంపులతో బిగిస్తారు. గాయంలో రోడ్డు మీది మట్టి చేరినప్పుడు, కండ నలిగినప్పుడు, మనిషి పెద్ద ఆపరేషన్‌కు తట్టుకోలేనప్పుడు ప్రాణాన్నీ కాలినీ కాపాడే మార్గమిది. బెల్జియం సర్జన్ అల్బిన్ లాంబోట్ 1902లోనే ఈ పద్ధతి వాడాడు. 1938లో జెనీవాకు చెందిన రౌల్ హాఫ్‌మన్ దానికి మెరుగైన ఫ్రేము తయారుచేశాడు. పనిముట్టు పాతదే. దాన్ని వాడే చేతికి మాత్రం ప్రతిసారీ కొత్త పరీక్షే.

మీ మోకాలి కింద, కాలి ముందు భాగాన్ని ఒకసారి తడిమి చూడండి. లోపలివైపు చర్మం కిందే నున్నగా, వెడల్పుగా ఎముక తగులుతుంది. అక్కడ కండ లేదు, ప్రధాన రక్తనాళం లేదు. పిన్నుకు అనువైన దారి అదే. బయటివైపు నుంచి వేస్తే కండలోంచి పోవాలి. పాదం ఆడించినప్పుడల్లా ఆ కండ పిన్నుకు రాసుకుని రసి కారుతుంది, చీము పడుతుంది. సరిగ్గా ముందున్న పదునైన అంచులో వేయడమూ మంచిది కాదు. అక్కడ ఎముక మరీ గట్టి, డ్రిల్లు వేడెక్కుతుంది. 47 డిగ్రీల వేడి ఒక్క నిమిషం తగిలినా ఎముక దెబ్బతింటుందని 1983లో స్వీడన్ పరిశోధకులు కుందేళ్ల మీద చూపించారు. అందుకే డ్రిల్లు నెమ్మదిగా తిప్పాలి, సెలైన్ పోస్తూ ఉండాలి, పిన్నును చేత్తో బిగించాలి. పిన్ను ఎముక రెండు గోడలనూ పట్టుకోవాలి కానీ కొస వెనక్కి పొడుచుకుపోకూడదు. వెనక ఉన్నవి పాదానికి నెత్తురు పంపే నాళాలు. పిన్ను లావు ఎముక మందంలో మూడోవంతు దాటితే ఆ రంధ్రం దగ్గరే ఎముక మళ్లీ విరగొచ్చు.

ఇక దూరాల లెక్క. గెల వేసిన అరటి చెట్టుకు వెదురు గెడ ఎక్కడ ఆనించాలో మన రైతుకు బాగా తెలుసు. మరీ కింద ఆనిస్తే గాలికి చెట్టు ఒరిగిపోతుంది. పిన్నులూ అంతే. ప్రతి ముక్కలో ఒక పిన్ను విరిగిన చోటుకు దగ్గరగా, ఇంకొకటి వీలైనంత దూరంగా పడితేనే ఫ్రేము కదలదు. దగ్గరగా అన్నా గాయంలో కాదు, రేపు ప్లేటు వేయబోయే దారిలో అసలే కాదు. మోకాలి కీలుకు ఒకటిన్నర సెంటీమీటర్లలోపు వేస్తే పిన్ను వెంట చీము కీలులోకే చేరే ప్రమాదం ఉంది. మోకాలికి బయటివైపు, కాస్త కింద, సన్న ఎముక మెడను చుట్టుకుని పోయే నరం తెగితే పాదం పైకి లేవదు. మడమలో పిన్ను లోపలి నుంచి బయటికి వేయాలి. లోపలివైపున్న నరం, నాళం కళ్లముందు ఉంచుకుని మొదలుపెట్టడమే క్షేమం.

ఇంత జాగ్రత్త ఎందుకంటే ఫిక్సేటర్ చాలామందికి మజిలీ మాత్రమే. గాయం శుభ్రపడ్డాక, వీలైతే రెండు వారాలలోపే లోపల రాడ్డో ప్లేటో వేస్తారు. పిన్ను దగ్గర చీము పట్టిందా, ఆ రెండో ఆపరేషన్ వాయిదా పడినట్టే. మొదటి రాత్రి హడావుడిలో తప్పు చోట పడిన పిన్ను ఖరీదు కూలికి పోలేని నెలల్లో ఇంటిల్లిపాదీ కడతారు.

అందుకే నా వాదన ఇది. హైవే పక్కనున్న ప్రతి ప్రభుత్వాసుపత్రిలో ఫిక్సేటర్ సెట్టు ఉంటే చాలదు, దాన్ని వేయడం నేర్చిన చెయ్యి ఉండాలి. కాకినాడలో రంగరాయ వైద్య కళాశాల 1958 నుంచి డాక్టర్లను తయారుచేస్తోంది. రాజమహేంద్రవరంలోనూ ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. చుట్టుపక్కల ఆసుపత్రుల యువ సర్జన్లకు ప్లాస్టిక్ ఎముకల మీద పిన్నులు వేయించి సురక్షితమైన దారులు నేర్పడం ఈ కళాశాలలకు పెద్ద పని కాదు. పెద్దాసుపత్రికి పంపేటప్పుడు రోగితో పాటు ఒక కాగితం వెళ్లాలి: గాయం ఫోటో, ఎక్స్‌రే, యాంటీబయోటిక్ ఎన్ని గంటలకు ఇచ్చారో. ఆ ఇంజెక్షన్ వీలైతే గంటలోపే పడాలి, ఫ్రేము కోసం ఆగకూడదు.

ఇంటికి పంపేటప్పుడు మరో కాగితం, తెలుగులో: చేతులు కడుక్కుని, డాక్టరు చెప్పిన ద్రవంతోనే పిన్నుల చుట్టూ తుడవాలి. పసుపు, ఆకుపసరు పూయకూడదు. క్లాంపులు ముట్టుకోకూడదు. ఎర్రబడినా, చీము కారినా, పిన్ను వదులైనా, జ్వరం వచ్చినా, కాలివేళ్లు మొద్దుబారినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. పొగతాగే అలవాటుంటే మానాలి, షుగరుంటే అదుపులో పెట్టుకోవాలి.

మీ ఇంట్లో ఎవరికైనా బయట రాడ్లు వేస్తే సర్జన్ని మూడు మాటలు అడగండి. పిన్నులు ఈ చోటే ఎందుకు వేశారు? తర్వాతి ఆపరేషన్ ఎప్పుడు? వీటిని ఎలా శుభ్రం చేయాలి? డాక్టరుగారు నొచ్చుకుంటారని మొహమాటపడొద్దు. ఆ కాలితో నడవాల్సింది మీవాళ్లు. జవాబు చెప్పడం వైద్యంలో భాగమే.