రైతుకి టూరేంటి అనేవాళ్లకి ఒక మాట

ఈసారి పంట గురించి కాదు, ఎరువుల గురించీ కాదు. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

మనం ఊరు దాటేది ఎప్పుడు? పెళ్లికి, చావుకి, ఆసుపత్రికి, మార్కెట్ యార్డుకి, మొక్కు తీర్చడానికి. ఊరికే చూసొద్దామని బయల్దేరిన రైతుని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. "ఒక్కడే బండేసుకుని సముద్రం చూడ్డానికి వెళ్లాడంట" అంటే రచ్చబండ దగ్గర వారం రోజులు నవ్వుకుంటారు. నవ్వితే నవ్వనివ్వండి. ఏడాదికోసారి రైతు ఒంటరిగా రెండు రోజులు తిరిగి రావాలన్నది నా అభిప్రాయం. అది సోకు కాదు, అవసరం.

దూరాలు పోనక్కర్లేదు. పోయిన మాఘంలో నేను భీమిలి నుంచి విశాఖకి సముద్రం ఒడ్డునే బండి మీద వెళ్లాను. సుమారు 30 కిలోమీటర్లు. ఆగకపోతే గంట ప్రయాణం, నాకు రెండు రోజులు పట్టింది. డెల్టా వైపు తీరమంటే ఇసుక, బురద, మడ చెట్లు. ఇక్కడ తూర్పు కనుమలు సముద్రం దాకా వచ్చి నిలబడ్డాయి. కుడివైపు కొండ, ఎడమవైపు రాళ్లు, వాటి మీద విరిగిపడే అలలు.

తగరపువలస దగ్గర హైవే దిగితే భీమిలి. తాటిపూడి రిజర్వాయరు దాటి వచ్చిన గోస్తని ఇక్కడే సముద్రంలో కలుస్తుంది. వంతుల కోసం మనం తగువులాడుకునే నీళ్లు చివరికి ఎక్కడికి చేరతాయో చూస్తూ గంట కూర్చున్నా విసుగు రాదు.

అక్కడికి దగ్గర్లోనే ఎర్రమట్టి దిబ్బలు. గాలి, వాన, సముద్రం కలిసి వేల ఏళ్లు పోగుచేసిన ఇసుక అది. అందులోని ఇనుము వల్ల ఎర్రబడింది. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ 2014లో దాన్ని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకీ ఎక్కింది. టూరిస్టులకి అది ఫొటోలు దిగే చోటు. మన కంటికి వేరేగా కనపడుతుంది. గట్టు తెగిన మడిని ఒక్క వాన ఎంత కోసేస్తుందో మనకి తెలుసు కదా? అదే కోత వేల ఏళ్లు సాగితే ఎలా ఉంటుందో అక్కడి లోతైన గెడ్డలు చూపిస్తాయి. అలాంటి దిబ్బని పొక్లెయిన్ నాలుగు రోజుల్లో చదును చేసేయగలదు. మళ్లీ పెట్టడం మాత్రం ఎవరి వల్లా కాదు. మన పొలం పైమట్టి సంగతీ అంతే.

ఇంకా ముందుకెళ్తే మంగమారిపేట దగ్గర అలలు తొలిచిన రాతి తోరణం ఉంది. ఆ దగ్గర్లోనే తొట్లకొండ. 2 వేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు ఉన్న చోటు. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే ఆ పేరు వచ్చింది. బావికొండ పేరూ అలాంటి బావుల వల్లే. ఎదురుగా కనుచూపు మేరా నీళ్లు, గొంతు తడుపుకోడానికి చుక్క పనికిరాదు. అందుకే వాళ్లు కొండ మీద పడ్డ వానని రాతిలో దాచుకున్నారు. మనమో, పంట కుంట తవ్వమంటే రెండు సెంట్లు పోతుందని, బోరు పక్కన బోరు వేస్తాం. ఈ మాట మీటింగుల్లో పదిసార్లు విన్నాను. ఆ తొట్టి పక్కన నిలబడినప్పుడే మనసుకెక్కింది.

ఒంటరిగానే ఎందుకంటారా? గుంపుగా పోతే సీసాలు, సెల్ఫీలు, "పదపద" అనే తొందర. ఒక్కడివే అయితే నచ్చినచోట బండాపి మట్టి చేతిలోకి తీసుకోవచ్చు. అప్పు, ధర, వాన అని బుర్రలో తిరిగే లెక్క కాసేపు ఆగుతుంది. సమస్యలు తీరిపోవు. కానీ వాటిని కాస్త దూరం నుంచి చూడటం అలవాటవుతుంది.

జాగ్రత్త కూడా చెప్పాలి. రాళ్ల మీద పాచి ఉంటుంది, కాలు జారితే పట్టుకునే వాడుండడు. నీళ్లలోకి దిగొద్దు. తుఫాన్ల కాలంలో వెళ్లొద్దు. ఎక్కడున్నదీ ఇంటికి ఫోన్ చేసి చెప్పండి.

ఖర్చంటారా? పెట్రోలు, రెండు పూటల భోజనం, ఒక రాత్రి గది. ఒక్క మందు పిచికారీకి అంతకంటే ఎక్కువే పెడుతున్నాం. అసలు చిక్కు డబ్బు కాదు, "గేదెల్ని ఎవరు చూస్తారు?" అన్నది. దానికి బదులు సాయం ఉంది కదా! నాట్లకీ కోతలకీ ఒకరికొకరు వెళ్లినట్టే, రెండు రోజులు నీ పాలు నేను పితుకుతాను, నా మడికి నువ్వు నీళ్లు పెట్టు.

ఇంకో మాట. మనం తిరిగొచ్చాక ఇంట్లో ఆవిడ వంతు. మనకైనా మార్కెట్ యార్డు ఉంది, ఆవిడకి అదీ లేదు. తోడికోడలితోనో అక్కతోనో రెండు రోజులు పంపి, పొయ్యి దగ్గర మనం నిలబడదాం.

ఈ ఏడు మీ ఊళ్లో ఎవరు ముందు బయల్దేరతారో, వాళ్ల గేదెల్ని ఎవరు చూస్తారో కామెంట్లో రాయండి.