పగలని రోడ్డుకే పూత

మా ఊరికి బీటీ రోడ్డు వేసి ఏడేళ్లయింది. కొత్తలో నిగనిగలాడిన నలుపు వెలిసి బూడిద రంగుకు తిరిగింది. వంగి చూస్తే వెంట్రుక మందాన గీతలు కనిపిస్తాయి. అంచుల్లో కంకర తేలి గరుగ్గా తగులుతుంది. గుంత మాత్రం ఒక్కటీ లేదు. మొన్న వేసవిలో అటుగా వచ్చిన ఒక ఇంజినీరు గారిని, దీనికి ఏమైనా చేయరా అని అడిగాను. ‘బాగానే ఉంది కదండీ, పాడయ్యాక ఎస్టిమేట్ వేద్దాం’ అన్నారు. ఆయన్ని తప్పుపట్టను. రోడ్లను మనం చూసుకునే తీరంతా ఆ ఒక్క మాటలో ఉంది.

తారు రోడ్డు బలం తారులో లేదు. బరువు మోసేది కింద ఉన్న మట్టి కట్ట, దాని మీద పరిచిన గ్రావెల్, మెటల్. పల్లె రోడ్ల మీద మనం వేసే ప్రీమిక్స్ కార్పెట్ మందం చాలాచోట్ల 20 మిల్లీమీటర్లే, అంటే బొటనవేలంత. దాని అసలు పని వాన నీటిని లోపలికి పోనివ్వకపోవడం. 1816లో బ్రిస్టల్ రోడ్ల బాధ్యత చేపట్టిన జాన్ మెకాడమ్ చెప్పిందీ ఇదే: నేల పొడిగా ఉంటే ఎంత బరువైనా మోస్తుంది, దాన్ని పొడిగా ఉంచడమే రోడ్డు వేసేవాడి పని. మన డబ్ల్యూబీఎం (వాటర్ బౌండ్ మెకాడమ్) రోడ్డులోని ‘ఎం’ ఆయన పేరే.

ఎండకు తారు ఏటికేడు గట్టిపడి పెళుసవుతుంది, గీతలు పడతాయి. గీతలోంచి దిగిన నీరు మెటల్ కింద నిలుస్తుంది. పైన చక్రం పోయినప్పుడల్లా ఆ నీరు ఒత్తిడికి లోపలి మెత్తటి మట్టిని వెంటేసుకుని పైకి చిమ్ముతుంది. అలా లోపల గుల్లయ్యాక ఒకరోజు పైపొర కుంగుతుంది. మనకు కనిపించే గుంత ఆ కథలో చివరి ఘట్టం.

గీతలు పడుతున్న దశలో వేయాల్సిన పూత ఒకటుంది. ఇంజినీర్లు సర్ఫేస్ డ్రెస్సింగ్ అంటారు, కొన్ని దేశాల్లో చిప్ సీల్ అంటారు. రోడ్డును శుభ్రంగా ఊడ్చి, చదరపు మీటరుకు సుమారు కిలో చొప్పున తారు సమంగా పిచికారీ చేసి, వెంటనే ఒకే సైజు రాతి చిప్స్‌ను ఒకే వరసగా పరిచి, టైర్ల రోలర్‌తో తొక్కిస్తారు. ఇనుప రోలర్ అయితే చిప్స్ నలిగిపోతాయి. మందం ఒక చిప్ అంతే కాబట్టి తారూ రాయీ కొత్త కార్పెట్ కన్నా చాలా తక్కువ పడతాయి.

ఈ పనిలో న్యూజిలాండ్ ఆరితేరింది. అరకోటి జనం, కొండలు, వానలు, పొడవాటి రోడ్లు. అక్కడ జాతీయ రహదారుల్లోనూ చాలా భాగం చిప్ సీలే.  1930లలోనే హాన్సన్ అనే ఇంజినీరు అక్కడ దీని లెక్క తేల్చాడు. పరిచినప్పుడు చిప్స్ మధ్య సగం ఖాళీ ఉంటుంది. రోలర్ తొక్కాక 30 శాతం, బండ్లు తిరగ్గా తిరగ్గా 20 శాతం మిగులుతుంది. చిప్‌ను దాని విశాలమైన వైపు మీద పడుకోబెట్టే చివరి పని బండ్లే చేస్తాయన్నమాట. ఆ మిగిలిన ఖాళీలో ఎంత భాగం నింపాలో చూసి తారు పోయాలి. ఎక్కువైతే వేసవిలో పైకి కక్కి రోడ్డు నున్నబడుతుంది, తక్కువైతే రాయి ఊడిపోతుంది.

మన దగ్గర ఈ పూత సరిగా పడకపోవడం పుస్తకం లేక కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2005లోనే ఐఆర్‌సీ 110 పేరుతో ఈ పనికి నిబంధనలు రాసింది. లేనిది చేతిలో శ్రద్ధ. రోడ్డు పక్కన కట్టెలు పెట్టి డ్రమ్ములో తారు కాచడం మనం ఎన్నిసార్లు చూడలేదు! పసుపు పొగ లేచేదాకా మరిగించి, చిల్లుల డబ్బాతో ఒకచోట మడుగు, ఒకచోట చుక్కలుగా చల్లుతారు. క్రషర్ నుంచి డస్ట్‌తో సహా వచ్చిన చిప్స్‌ను తట్టలతో విసురుతారు. చపాతీ పీటకు అంటకుండా పొడి పిండి చల్లుతాం కదా, చిప్ మీది డస్ట్ చేసేది అదే పని. పైగా మన క్రషర్లలో ఆడే రాయి ఎక్కువగా గ్రానైటు, దానికి తారు కన్నా నీటి మీద మక్కువ ఎక్కువ. డస్ట్ కడిగిన చిప్స్, ఆర్ఎస్-2 రకం ఎమల్షన్ (నీటిలో కలిపిన తారు) వాడితే ఈ చిక్కు చాలావరకు తీరుతుంది. ఎమల్షన్‌కు మంట అక్కర్లేదు. పోసినప్పుడు కాఫీ రంగులో ఉంటుంది, నల్లబడేలోగా చిప్ పడాలి. ఆ కొద్ది నిమిషాల్లో టిప్పర్ రాకపోతే పని చెడినట్టే.

ఈ పూత మీద జనానికి ఉన్న కోపం నాకూ తెలుసు. రెండేళ్ల కిందట ఒక మలుపులో ఊడిన చిప్స్ మీద స్కూటర్ జారి మోచేయి చెక్కుకుపోయింది. వేసిన కాంట్రాక్టరు మర్నాడు ఊడ్పించలేదు, నెమ్మదిగా వెళ్లమని బోర్డూ పెట్టలేదు. ద్విచక్ర వాహనాలే ఎక్కువున్న మన రోడ్ల మీద ఇది చిన్న లోపం కాదు. మిగులు చిప్స్ ఊడ్చాకే బిల్లు పాసవుతుందని టెండర్‌లో రాస్తే చీపుర్లు వాటంతట అవే వస్తాయి.

ఈ పూత రోడ్డుకు బలమివ్వదు, అదీ ఒప్పుకోవాలి. ఇసుక టిప్పర్లకు కుంగిన రోడ్డు మీద వేస్తే పుండు మీద పౌడర్ అద్దినట్టే. లారీలు మెలితిరిగే కూడళ్లలోనూ నిలవదు. అందుకే ఏ రోడ్డుకు వేస్తున్నాం అన్నది ఎలా వేస్తున్నాం అన్నంత ముఖ్యం. మన దగ్గర చిక్కంతా అక్కడే. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో రోడ్డు వేసిన కాంట్రాక్టరే అయిదేళ్లు చూసుకోవాలి. ఆరో ఏడు నుంచి అది తల్లి లేని బిడ్డ. సరిగ్గా పూతకు తగిన వయసూ అదే. గుంత పడ్డ రోడ్డుకు ధర్నా ఉంటుంది, కొత్త రోడ్డుకు శిలాఫలకం ఉంటుంది. బాగానే కనిపిస్తున్న రోడ్డుకు పూత వేశామని ఏ ఎమ్మెల్యే రిబ్బన్ కత్తిరిస్తాడు?

ప్రతి జిల్లాలో పంచాయతీరాజ్ ఇంజినీర్లు అయిదేళ్లు దాటి, ఇంకా గుంత పడని రోడ్ల జాబితా తీయాలి. నిర్వహణ నిధుల్లో కొంత వాటికే కట్టివేసి, ఫిబ్రవరి, మే మధ్య పని ముగించాలి. డబ్బాకూ తట్టకూ బదులు స్ప్రేయర్, చిప్ స్ప్రెడర్ ఉన్నవారికే పని ఇవ్వాలి. ముందు మండలానికి ఒక్క రోడ్డు చేసి రెండు వానాకాలాలు చూసినా చాలు.

జూన్‌లో మా ఊళ్లో తొలి వాన పడింది. వెలిసిన అరగంటకు రోడ్డంతా ఆరి తెల్లబడింది. ఆ వెంట్రుక గీతలు మాత్రం నల్లగా, తడిగా అలాగే ఉన్నాయి.