అమ్మ కమ్మలు

మా కొండకల్‌లో అమ్మ బాప్తిస్మం నాడు పాస్టరుగారు ముందు అడిగింది చెవి కమ్మల గురించే. తీసి కొంగున ముడేసుకుంది. ముప్పై ఏళ్ల కమ్మలు. తమ్మెలు బోసిగా వేలాడాయి.

1924లో తెరిచిన మెదక్ చర్చిలో కమ్మలతో, పుస్తెలతో మోకరించే ఆడవాళ్లను ఎవరూ ఆపరు. బైబిల్లో చూసినా, క్రీస్తును నమ్మిన అన్యులకు, అంటే యూదులు కానివారికి, సున్నతి అక్కర్లేదని యెరూషలేము పెద్దలే తేల్చారు. అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయం. వాళ్లు వద్దన్నవి నాలుగే: విగ్రహాలకు పెట్టింది, రక్తం, గొంతు పిసికి చంపింది, జారత్వం. కమ్మల ఊసే లేదు.

పౌలు, పేతురు పత్రికల్లో బంగారం మాట ఉంది, నిజమే. ఆ వాక్యాల్లోనే జడలూ ఉన్నాయి. మా సంఘంలో జడ వేసుకోని ఆడమనిషిని నేనింకా చూడలేదు. పాస్టరమ్మగారితో సహా!

కమ్మలు బీరువాలోనే ఉన్నాయి. మనవరాలికట. అద్దం ముందు మాత్రం అమ్మ చెయ్యి చెవి మీదికే పోతుంది.