పేజీ పాడదు

మా నాన్న ఆయిల్ ఇంజను చప్పుడు విని దాని జబ్బేమిటో చెప్పేస్తాడు. ఇంజనుతో పాటు వచ్చిన పుస్తకంలో బొమ్మలన్నీ ఉన్నాయి, చప్పుడు మాత్రం లేదు. తమంతట తామే పాడే యాంత్రిక వాద్యాల గురించిన గ్రంథాలకూ ఇదే లోటని నా అభిప్రాయం.

1796లో జెనీవాలో గడియారాల పనివాడు ఆంట్వాన్ ఫావ్ర్, సన్నని ఉక్కు రేకులను మీటి స్వరం పలికించే ఏర్పాటు చేశాడు. మ్యూజిక్ బాక్సుకు అదే మూలం. తిరిగే సిలిండరు మీది ముళ్ళు ఉక్కు దువ్వెన పళ్ళను మీటుతాయి. 1904లో వచ్చిన వెల్టే-మిన్యోన్ యంత్రం కాగితపు చుట్టలోని రంధ్రాల సాయంతో ఒక కళాకారుడి పియానో వాయింపునే మళ్ళీ వినిపించింది. ఇలాంటి వాద్యాలన్నిటి మీదా డేవిడ్ బవర్స్ రాసిన పెద్ద విజ్ఞాన సర్వస్వం 1972లో వెలువడింది. గొప్ప కృషే. కాని పేజీ పాడదు కదా!

"రికార్డు వింటే చాలదా?" అనొచ్చు. చాలదు. వింటే పాట తెలుస్తుంది, పని తెలియదు. చూస్తే పని తెలుస్తుంది, పాట తెలియదు. అక్షరం, బొమ్మ, ధ్వని, కదిలే చిత్రం ఒక్కచోట చేర్చిన మల్టీమీడియా గ్రంథమే వీటికి తగింది. ముల్లు పన్నును వదిలిన క్షణంలోనే స్వరం వినపడాలి. ఆ ధ్వనిని ఏ వేగంతో, ఏ మరమ్మతు తర్వాత తీశారో కూడా రాయాలి. లేకపోతే తప్పునే పదిలంగా దాచినట్టవుతుంది.

దువ్వెన పన్ను విరిగితే మరొకటి అతకొచ్చు. పాతది ఎలా పలికేదో విన్నవాళ్ళు పోతే? మా ఇంట్లో నాన్న చెవే గ్రంథం. దాన్ని నేనింకా ఎక్కించుకోలేదు.