నలభై గుంటలకే ఎకరం

మా కంప్యూటర్ ప్రాక్టికల్స్‌లో ఒక అలవాటు పాతుకుపోయింది. తెర మీద నాలుగు పెట్టెలు గీసి, వాటి మధ్య గీతలు కలిపి, బటన్ నొక్కితే చాలు, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌కు కావలసిన 'క్రియేట్ టేబుల్' వాక్యాలన్నీ బడబడా వచ్చి పడతాయి. రికార్డులో అతికించుకుంటాం, సంతకం పెట్టించుకుంటాం. ఈ పద్ధతి మీద నాకొక ఫిర్యాదు ఉంది. ముందు నా తప్పే చెప్పుకుంటాను.

మొన్నటి సెలవుల్లో మా భూమి లెక్కను టేబుల్‌గా పెడదామనుకున్నాను. మాకున్నవి రెండు చెక్కలు. కాగితాల్లో ఒకటి 2.30 అనీ, రెండోది 1.20 అనీ ఉంది. విస్తీర్ణం కాలమ్‌కు 'న్యూమరిక్, రెండు దశాంశాలు' అని ఎంచుకున్నాను. టేబుల్ తయారైంది. కూడిక 3.50 వచ్చింది. గొప్పగా మా నాయనకు చూపించాను.

"మూడెకరాల యాభై గుంటలేందిరా? నలభై గుంటలకే ఎకరం గదా! మనది నాలుగెకరాల పది గుంటలు" అన్నాడు.

మా నాయన చదివింది ఐదో తరగతి. నేను డిగ్రీ! ఆ 3.50 ని ఎవరైనా మూడున్నర ఎకరాలుగా చదివితే ముప్పై గుంటలు గల్లంతు. అంటే ముప్పావెకరం. అంత చెక్కలో మాకు ఏడాది తిండిగింజలు పండుతాయి.

హాస్టల్లో నా గది మిత్రుడిది గుంటూరు వైపు. వాళ్లకు గుంటలు లేవు, సెంట్లు. నూరు సెంట్లు ఎకరం. కాబట్టి అదే టేబుల్ వాడి పొలానికి నిక్షేపంగా సరిపోతుంది! ఒకే నిర్వచనం వాడికి ఒప్పు, నాకు తప్పు. ఈ సంగతి బటన్‌కు ఎలా తెలుస్తుంది? అడిగిన రకం ఇచ్చింది, అంతే. సర్వే నెంబరుకు 'ఇంటిజర్' పెట్టిన మా క్లాసు మిత్రుల సంగతీ ఇంతే. 112/అ అని కొట్టగానే యంత్రం తిరస్కరిస్తుంది. అది నయం, కనీసం అరుస్తుంది. నా కూడిక అరవలేదు కదా!

1970లో కాడ్ మహాశయుడు రిలేషనల్ నమూనాను ప్రతిపాదించినప్పుడే ప్రతి కాలమ్‌కూ ఒక 'డొమైన్' ఉంటుందన్నాడు. ఆ కాలమ్‌లో ఏ విలువలు చెల్లుతాయో అదే డొమైన్. గుంటల కాలమ్‌లో చెల్లేవి 0 నుంచి 39 వరకే. ఎకరాలు వేరు, గుంటలు వేరు కాలమ్‌లు చేసి, 'చెక్' అనే ఒక్క షరతు రాస్తే పోస్ట్‌గ్రెస్ 40ని లోపలికి రానివ్వదు. (మైఎస్‌క్యూఎల్ 2019లో వచ్చిన 8.0.16కు ముందు ఈ షరతును మౌనంగా చదివి గాలికొదిలేసేది. ఏ యంత్రానికి రాస్తున్నామో తెలియడం కూడా చదువే.) ఇంకా సుళువు, అన్నీ గుంటల్లోనే దాచడం: 110, 60, మొత్తం 170. నేనిప్పుడు అలాగే మార్చాను.

బటన్ వద్దనను. కామాలు మరిచిపోదు, ఫారిన్ కీలు తారుమారు చేయదు. కానీ రేపు మనలో కొందరం ఆఫీసుల్లో కూర్చుని ఊళ్లకు ఊళ్ల లెక్కలకు టేబుళ్లు కట్టేవాళ్లం. అప్పుడు కిటికీ బయట నిలబడేది మన నాయనలే.

అధ్యాపకులకు ఒక మనవి. ఏడాదికి ఒక్క ప్రాక్టికలైనా, ఎవరింటి వృత్తి లెక్కను వాళ్లు చేత్తో టేబుల్‌గా రాసేలా చూడండి. మగ్గం కావచ్చు, కిరాణా కొట్టు కావచ్చు, పాల కేంద్రం కావచ్చు. రాసింది ఇంట్లో పెద్దవాళ్లకు చూపించాకే మార్కులు వేయండి. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ దొరక్కపోతే మా నాయనను పంపడానికి నేను సిద్ధం. నాట్ల రోజుల్లో మాత్రం రాడు.