అర్జీ కాదు, ప్రశ్న

మా మూసాపేటలో ఒక వీధికి సిమెంటు రోడ్డు వేశారు. నెల తిరగకముందే దానిని నడిమికి చీల్చి గొట్టాలు పరిచారు. పూడ్చిన చోట వానకు కుంగితే మట్టి పోశారు. ముప్పై యేళ్ళకు పైగా పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పుకొని బ్రతికినవాడిని, రోడ్ల శాస్త్రం నాకు తెలియదు. వేసేవారూ తవ్వేవారూ ముందుగా ఒక మాట అనుకొనే అలవాటు ఎందుకు లేదన్న సందేహం మాత్రం కలిగింది. స్థానిక సమస్యలపై సమావేశం జరుగుతున్నదని విని ఒక కార్యాలయానికి వెళ్ళాను (ఏ కార్యాలయమో ఇక్కడ అనవసరం). సందు చూచుకొని లేచి నిలబడి, "వేసిన నెలకే రోడ్డు తవ్వవలసి ఎందుకు వచ్చింది?" అని అడిగాను.

వేదిక మీదివారు తల ఎత్తలేదు. ఒక గుమాస్తా మాత్రం మర్యాదగానే దగ్గరకు వచ్చి, "సార్, గిట్ల నిలబడి అడుగుడు ఉండది. ఏమున్నా కాయితం మీద రాసియ్యుండ్రి, నంబరు ఏసిస్త" అన్నాడు. వ్రాసి ఇచ్చాను. నంబరు వేసి ఇచ్చాడు. కొన్నాళ్ళకు ఫోనుకు సందేశం వచ్చింది, నా సమస్య పరిష్కరించబడినదని!

నాకు సమస్య లేదు మహాప్రభో. నాకున్నది ప్రశ్న.

ఈ రెండింటికీ భేదం పాటించకపోవడమే నా ఆరోపణ. అర్జీ అరబ్బీ మూలం గల మాట. ప్రభువుల కచ్చేరీల గుండా మన నాలుకల మీదికి వచ్చింది. విన్నవించుకొనడం దాని అర్థం. అర్జీదారు క్రింద నిలుచుంటాడు, ఇచ్చేవాడు పైన కూర్చుంటాడు. ఆ వ్యవహారం ఆ ఇద్దరి మధ్య ముగుస్తుంది. ఒకే వీధి నుండి పదిమంది ఒకే సంగతి వ్రాసి ఇస్తే పది నంబర్లు పడతాయి, పది సందేశాలు వస్తాయి. పదిమందీ ఒకరి మాట ఒకరు వినరు. ప్రశ్న అటువంటిది కాదు. అది నలుగురి ఎదుట అడగవలసినది, నలుగురి ఎదుట జవాబు చెప్పవలసినది. జవాబు అసత్యమైతే పక్కవాడు లేచి "కాదు" అనగలగాలి. మన నగరంలో పౌరుడికి అర్జీ పెట్టుకొనే తావులు చాలా ఉన్నవి. ప్రశ్నించే చోటు ఒక్కటీ లేదు.

ఉన్నదని వాదించేవారు మూడు ద్వారాలు చూపిస్తారు. మొదటిది ప్రజావాణి. పేరు దొడ్డదే, జరిగేది అర్జీల స్వీకారం. రెండవది 2005 నాటి సమాచార హక్కు చట్టం. దాని మేలు నేను కాదనను. ఎంత ఖర్చయింది, గుత్తేదారు ఎవరు, ఏ తేదీన బిల్లు చెల్లించారు, ఇవన్నీ దానితో రాబట్టవచ్చు. కాని "ఎందుకు" అని అడిగితే ఆ చట్టం చేతులెత్తేస్తుంది. ఎందుకు చేశారన్న ప్రశ్నకు జవాబు ఈ చట్టం చెప్పిన "సమాచారం" క్రిందికి రాదని 2008లో గోవాలోని బొంబాయి హైకోర్టు ధర్మాసనం తీర్పు చెప్పింది. దస్తావేజులో ఉన్నది ఇవ్వగలరు, లేని కారణాన్ని పుట్టించి ఇవ్వలేరు. న్యాయశాస్త్రం దృష్టిలో అది సబబే కావచ్చు. అయితే నా "ఎందుకు" ఎక్కడికి పోవాలి?

మూడవ ద్వారం కథ కొంచెం పెద్దది. 1993లో రెండు రాజ్యాంగ సవరణలు నెల పైచిలుకు ఎడంతో అమలులోకి వచ్చాయి. ఏప్రిల్ 24న పల్లెలకు 73వది, జూన్ 1న పట్టణాలకు 74వది. తోబుట్టువులవంటివే గాని, తండ్రి ఆస్తి సమానంగా పంచలేదు. పల్లెకు గ్రామసభ దక్కింది. వోటర్ల జాబితాలో పేరున్న ప్రతివాడూ, ఎవరూ నామినేట్ చేయనక్కరలేకుండా, అందులో సభ్యుడే. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకు ఒకసారి గ్రామసభ జరపాలన్నది. పట్టణానికి వచ్చినది వార్డు కమిటీ. అదీ మూడు లక్షల జనాభా దాటినచోట. కమిటీలో ఎవరుండాలో తేల్చే పని రాష్ట్రాలకు వదిలేశారు. ఫలితం ఏమిటంటే, వెయ్యి గడపలు లేని ఊరి రైతు సర్పంచిని ఎదురుగా కూర్చోబెట్టి లెక్క అడగగలడు. హైటెక్ సిటీకి కూతవేటు దూరంలో, మెట్రో రైలు పోయే మా పేటలో, ఇంటి పన్ను కట్టే పెద్దమనిషి అడగలేడు.

మూసాపేట ఒకనాడు ఊరే. కూకట్‌పల్లి పురపాలక సంఘంలో చేరింది. 2007 ఏప్రిల్‌లో ఆ పురపాలక సంఘం మరి పదకొండింటితో కలిసి మహానగరంలో లీనమైంది. 2025 డిసెంబరులో చుట్టుపక్కల మరో 27 పురపాలికలను కలిపారు. కలిపినా విడదీసినా పటాలు మారుతున్నవి, వార్డుల అంకెలు మారుతున్నవి, నోరు మూతబడినవాడి స్థితి మారడం లేదు. ఒక పల్లెను పట్టణంలో కలిపిన రోజున ఆ పల్లెవాసి రోడ్లూ దీపాలూ వస్తాయని సంతోషిస్తాడు. ఆ రోజే తన గ్రామసభను పోగొట్టుకొన్నాడని అతడికి ఎవరూ చెప్పరు!

2008లో ఉమ్మడి రాష్ట్ర శాసనసభ వార్డు కమిటీలనూ ఏరియా సభలనూ చట్టంలో చేర్చింది. ప్రజల నోట మాట వినాలన్న తహతహతో కాదు. 2005 చివరలో కేంద్రం తెచ్చిన నెహ్రూ పట్టణ పునరుజ్జీవన పథకం డబ్బుకు అది షరతు. 2020 అక్టోబరులో, ఎన్నికలకు కొద్దిగా ముందు, మహానగర చట్టాన్ని సవరించి యువకులకు, మహిళలకు, వయోవృద్ధులకు, ప్రముఖులకు వేరువేరు వార్డు కమిటీలన్నారు. వయోవృద్ధుడిగా నేను అర్హుడనే, ప్రముఖుడిని కాను. కాని కమిటీలో పేరు వ్రాయించుకొనడానికి ఒకరి దయ కావాలంటే, అదీ అర్జీయే కదా.

"నీ తరఫున అడగడానికి కార్పొరేటరు ఉన్నాడు కదా" అంటారు. ఉన్నప్పుడు ఉన్నాడు. 1986లో ఎన్నికలు జరిగిన నగరంలో మళ్ళీ 2002 దాకా జరగలేదు. 2014 డిసెంబరు నుండి 2016 ఫిబ్రవరి వరకు ప్రత్యేకాధికారి పాలన. పాలకమండలి ఉన్న కాలంలో మాత్రం ఏం జరిగింది? 2020 డిసెంబరులో ఎన్నికై, 2021 ఫిబ్రవరి 11న కొలువు తీరిన మండలి జూన్ నెలాఖరున గాని సమావేశం కాలేదు, అదీ తెరల మీద. కరోనా కారణం కొంత, ఒప్పుకుంటాను. నవంబరు 23న కొందరు బి.జె.పి. కార్పొరేటర్లు సర్వసభ్య సమావేశం పెట్టడం లేదని మేయరు చాంబరులోకి చొరబడి సామాను పగులగొట్టారు. ఆ పని నేను మెచ్చను. కాని ప్రశ్నించే హక్కు చట్టంలో ఉన్న సభ్యులకే సభ దొరకని చోట, సభ్యుడు కానివాడి గతి ఏమిటి? 2023 మే నెలలో సభ జరుగుతుండగా అధికారులే లేచి వెళ్ళిపోయారు. జలమండలి కార్యాలయంలో కొందరు కార్పొరేటర్లు మురుగుమట్టి పోయడం వారి కోపానికి కారణం. ఎవరి తప్పు ఎంతో అటుంచి, అడిగేవారు బురద చల్లడం, చెప్పేవారు లేచిపోవడం చూచిన తరువాత నాలాంటివాడికి మిగిలేది గుమాస్తా ఇచ్చిన నంబరే.

మరొక అభ్యంతరం ఉన్నది, దీనికి బలం ఎక్కువ: లక్షల జనం ఉన్న నగరంలో అందరినీ అడగనిస్తే సభ సాగుతుందా? నేను అరవైమంది ఉన్న తరగతిలో పాఠం చెప్పినవాడిని, ఈ బాధ ఎరుగుదును. ఒకేసారి పదిమంది అరిస్తే పాఠం ఉండదు. అందుకని "ఎవరూ ఏమీ అడగవద్దు" అన్న పంతులు పాఠం చెప్పినట్లా? చేయి ఎత్తమంటాం, ఒకరి తరువాత ఒకరిని లేపుతాం, చెప్పినదే మళ్ళీ అడిగితే కూర్చోబెడతాం. ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు జిజ్ఞాసువులు వస్తే పిప్పలాదుడు వెంటనే జవాబు చెప్పలేదు. ఏడాది నియమంగా ఉండి, ఆ తరువాత అడగమన్నాడు, తెలిస్తే చెబుతానన్నాడు. అంత కఠినమైన షరతు పెట్టిన ఋషి కూడా అడగవద్దనలేదు. నియమం వేరు, నిషేధం వేరు.

నియమాలు ఎట్లా పెట్టుకోవచ్చునో లోకంలో చాలాచోట్ల చూడవచ్చు. కాలిఫోర్నియాలో బ్రౌన్ చట్టమని 1953 నాటిది ఒకటున్నది. నగర మండలి ప్రతి సాధారణ సమావేశంలోనూ ప్రజలు మాట్లాడేందుకు చోటివ్వాలని అది శాసిస్తున్నది. మన పేట నుండి వెళ్ళి ఫ్రీమాంటులో ఉద్యోగం చేసుకొనే కుర్రవాడు, అక్కడ వోటు లేకపోయినా, మైకు ముందు నిలబడి రెండు మూడు నిమిషాలు మాట్లాడి రాగలడు. అక్కడా అప్పటికప్పుడు జవాబు చెప్పితీరాలని లేదు. ఇంగ్లండులో ప్రజలనూ పత్రికలనూ స్థానిక సభలలోకి రానివ్వాలని 1960లో చట్టం తెచ్చినది అప్పటికి కొత్త సభ్యురాలైన మార్గరెట్ థాచర్. ప్రజల ప్రశ్నలకు అక్కడి సభలు గడువులూ ముందస్తు నోటీసులూ పెడతాయి, వాటి మీద జనం పోట్లాడుతూనే ఉంటారు. మనం పోట్లాడడానికి కూడా అటువంటి నియమం ఒకటి ఉండాలి కదా! అంతదూరం ఎందుకు, లక్ష జనాభా మించని పట్టణాలలో వోటర్లందరితో వార్డు సభ జరపాలని కేరళ చట్టం చేసుకొన్నది.

సభాపర్వంలో ద్రౌపది ఆ సభకు సభ్యురాలు కాదు. ముందు ప్రాతికామి చేత ప్రశ్న పంపింది, తరువాత తానే అడిగింది: తనను తాను ఓడినవాడికి నన్ను పణంగా ఒడ్డే అధికారం ఎక్కడిదని. "నీవు సభ్యురాలవు కావు, వ్రాసి ఇచ్చి వెళ్ళు" అని ఆ దుష్టసభలో కూడా ఎవరూ అనలేదు. భీష్ముడు ధర్మం సూక్ష్మమన్నాడు. మనవారు "పరిశీలిస్తాం" అంటారు. జవాబు తెలిసీ మౌనంగా కూర్చున్న సభ్యులకు అధర్మంలో వాటా ఉన్నదని విదురుడు అక్కడే హెచ్చరించాడు.

నేను కోరేది పెద్దది కాదు. పాలకమండలి సమావేశమైన ప్రతిసారీ మొదటి అరగంట పౌరులకు ఇవ్వండి. ముందుగా వ్రాసి ఇమ్మంటే ఇస్తాం. ఎక్కువమంది ఉంటే చీట్లు తీయండి. మనిషికి ఒక్క ప్రశ్న, రెండు నిమిషాలు. వ్యక్తిదూషణ చేస్తే మైకు కట్టివేయండి. జవాబు మాత్రం సభలోనే చెప్పాలి, తెలియకపోతే తెలియదని చెప్పాలి, చెప్పినది సభ మినిట్స్‌లో ఎక్కాలి. పాలకమండలి లేని కాలంలో ప్రత్యేకాధికారి అయినా సర్కిల్ కార్యాలయంలో నెలకొక పూట ఇట్లా కూర్చోవాలి. వోటరన్న ప్రతివాడికీ వార్డు సభలో చోటుండేట్లు చట్టాన్ని సవరించడం ఆ తరువాతి పని. దానికి కాలం పడుతుందని నాకు తెలుసు.

అన్నట్లు, ఆ వీధిలో మట్టి పోసిన చోట మొన్నటి వానకు మళ్ళీ కుంగింది. పక్కింటివారు ఇటుకముక్కలు అడ్డం పెట్టారు. "ఇంకో అర్జీ పెట్టండి సార్" అంటున్నారు. పెట్టను. ఎక్కడ అడగాలో చెబితే వెళ్ళి అడుగుతాను.